కార్తెల సేద్యం, కాలువల కాలం: దిగువ కృష్ణా డెల్టా

తెలుగు రైతుకు ఇరవైయేడు కార్తెలే సేద్యపు పంచాంగం. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అన్న సామెత వానను నమ్ముకున్న నేల చెప్పిన మాట. 1855లో బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తయ్యాక గుడివాడ, బందరు, దివిసీమ మాగాణులలో నారుమడి వేళను నిర్ణయించే అధికారం మేఘం నుంచి కాలువకు మారింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా ఆ అధికారం కాలువదే. సామెత నోటిలో మిగిలింది. నాట్లు మాత్రం నీటి విడుదలను అనుసరించాయి.

కాలువ చివరి భూములకు నీరు ఆలస్యమైతే నాట్లు, వాటితో కోతలు వెనుకబడి, పైరు తుఫానుల కాలానికి చిక్కుతుంది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన స్వాతి కార్తెలో వచ్చింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన విశాఖ, అనూరాధల సంధిలో వచ్చింది. అప్పటికి వరి ఇంకా పొలంలోనే ఉంది. వేలాది మనుషులతోపాటు పశుసంపద కొట్టుకుపోయింది.

ఇక్కడి సేద్యంలో పైరును, పశువును విడదీసి చూడలేము. కోతకు కొద్దిరోజుల ముందు, నేలలో పదును ఉండగానే, నిలిచివున్న వరిలో మినుము చల్లుతారు. మేతకైతే పిల్లిపెసర, జనుము చల్లుతారు. వరిగడ్డి వామికి ఈ పచ్చిమేత తోడైతేనే పశువుకు వేసవి గడుస్తుంది. అందువల్ల కోత వెనుకబడితే నష్టం ధాన్యంతో ఆగదు. చల్లే అదను తప్పుతుంది. తుఫానుకు తడిసిన గడ్డి బూజుపట్టి పశువు ముట్టదు.