కొవ్వొత్తి, గ్లాసు, ఒక తప్పు జవాబు

ఈరోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నా.

మూడేళ్ల కింద నేనొక షార్ట్ వీడియో పెట్టాను. ప్లేటులో నీళ్లు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, దాని మీద గాజు గ్లాసు బోర్లించడం. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉంటుంది. అది కాలిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి" అని దర్జాగా చెప్పేశాను. నా వీడియోల్లో ఎక్కువమంది చూసింది అదే. అందులో చెప్పింది తప్పు.

ఆ తప్పు పట్టుకున్నది మా అక్క కూతురు. ఆరో తరగతి. వాళ్లు ఎల్బీనగర్‌లో ఉంటారు. మొన్నొక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికొచ్చి, ఆ వీడియోని ఆపి ఆపి చూసి అడిగింది: "మామా, నీళ్లు మంట ఆరినంక కదా ఎక్కుతున్నయి? ఆక్సిజన్ మండేటప్పుడే అయిపోతే, నీళ్లు కూడా అప్పుడే ఎక్కాలె కదా?"

నా దగ్గర జవాబు లేదు. బీటెక్ చేశాను, నాలుగేళ్లు కోడ్ రాశాను. కానీ సైన్స్ ప్రాక్టికల్స్ అంటే నాకు గుర్తొచ్చేది సీనియర్ల రికార్డు చూసి రాసుకోవడమే. ఇంటర్‌లో సాల్ట్ ఎనాలసిస్ పరీక్షకి టెస్ట్ ట్యూబ్ పట్టుకోకముందే అది ఏ సాల్టో తెలిసిపోయేది. జవాబు నుంచి వెనక్కి ప్రయోగం రాసేవాళ్లం.

సరే, ఈ కొవ్వొత్తి కథ ఎక్కడ మొదలైందో చూద్దాం. ఇది చాలా పాతది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో బైజాంటియం ఊరివాడు ఫైలో దీని గురించి రాశాడు. మంట గాలిని కొంత తినేస్తుంది, ఆ చోటులోకి నీళ్లు వస్తాయి అనుకున్నాడు. తర్వాత 1770ల్లో ఫ్రాన్స్‌లో లావోయిజర్ మూసిన గాలిలో పాదరసాన్ని 12 రోజులు వేడిచేసి, గాలిలో ఒక భాగమే దాంతో కలుస్తోందని చూపించాడు. దానికి ఆక్సిజన్ అని పేరుపెట్టింది కూడా ఆయనే. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు అన్న లెక్క నిజమే. కానీ ఆ లెక్కని తీసుకొచ్చి మన కొవ్వొత్తికి అంటించేశారు. బోలెడు పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. నేనూ అదే అప్పజెప్పాను.

అసలు జరిగేది వేరు. మంట గాలిని వేడి చేస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి, కొంత గ్లాసు అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. గ్లాసులో ఇంకా బోలెడు ఆక్సిజన్ మిగిలి ఉండగానే మంట ఆరిపోతుంది. ఆ తర్వాత లోపలి గాలి చల్లారి కుంచించుకుపోతుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్లని లోపలికి నెడుతుంది. నీళ్లు ఆలస్యంగా ఎక్కేది అందుకే.

నమ్మకం కుదరకపోతే ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి. గ్లాసు అదే, లోపలున్న ఆక్సిజన్ అంతే. అయినా నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. నా పాత జవాబు కరెక్టయితే అలా జరగకూడదు. చిన్నపిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడే చేయండి, మంటతో పని కదా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. పిల్లలే స్వయంగా ఇలా చేసి చూసుకోవాలి అనే ఆలోచనకి పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్కూళ్లు, ల్యాబులు కూలిపోయిన దేశాల టీచర్ల కోసం 1948లో యునెస్కో ఒక చిన్న పుస్తకం వేసింది. డబ్బాలు, సీసాల్లాంటి దొరికిన వస్తువులతోనే ప్రయోగాలు ఎలా చేయించాలో అందులో ఉంది. అది పెరిగి పెద్దదై 1956లో సోర్స్ బుక్‌గా వచ్చింది.

మన దేశంలో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి 16 మిడిల్ స్కూళ్లలో ఒక పని మొదలుపెట్టాయి. పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగం చేయాలి, ఏం చూశారో అదే రాయాలి. వాళ్ల పుస్తకం 'బాల్ వైజ్ఞానిక్'లో ప్రశ్నలు ఉంటాయి, రెడీమేడ్ జవాబులు ఉండవు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. 1978లో ఇది జిల్లా అంతటికీ పాకింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో ఇంజినీరుగా ఉన్న అరవింద్ గుప్తా అప్పుడే అక్కడికి వెళ్లారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబులతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వమే ఆపేసింది.

మరి మన దగ్గర? 1987లో భారత్ జన విజ్ఞాన్ జాతా పేరుతో దేశం నలుమూలల నుంచి ఐదు బృందాలు బయల్దేరి భోపాల్ చేరాయి. మరుసటి ఏడాదే, 1988లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక పుట్టింది. వీళ్లు బడుల్లో, ఊళ్లలో 'మహిమలు' చేసి చూపించి, వెంటనే వాటి గుట్టు విప్పి చెబుతారు. పిల్లల కోసం వాళ్లు నడిపే పత్రిక పేరు 'చెకుముకి'. నిప్పు పుట్టించే రాయి! స్కూల్ నుంచి రాష్ట్ర స్థాయి దాకా చెకుముకి పోటీలు జరుగుతాయి. మీలో కొందరు రాసే ఉంటారు.

ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. దిష్టి తీయడానికి అమ్మమ్మ కలిపే ఎర్రనీళ్లు ఉన్నాయి కదా? పసుపులో సున్నం కలిస్తేనే ఆ ఎరుపు. అందులో నిమ్మకాయ పిండండి, మళ్లీ పసుపు రంగులోకి వచ్చేస్తాయి. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. పసుపు మన వంటింటి సూచిక. ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగితే ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ బోర్డులే. నేనూ అక్కడే కోచింగ్ తీసుకున్నా, ఆ బోర్డుల వల్లే ఉద్యోగం వచ్చింది, కాదనను. కానీ అక్కడ కరెక్ట్ ఆప్షన్ ఎలా పట్టుకోవాలో నేర్చుకున్నాను. ఆప్షన్లన్నీ తప్పయితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు మా మేనకోడలు ఇంకో ప్రశ్న అడిగింది. "పరీక్షల ఇదే వస్తే ఏం రాయాలె మామా? మా గైడ్‌ల నీ పాత జవాబే ఉంది." దీనికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒక మార్కు పోవడమంటే ఏంటో నాకు తెలుసు. చివరికి, "నువ్వు చూసింది రాయి. ఎలా చూశావో కూడా రాయి" అన్నా.

యూనిట్ టెస్టులో నిజంగానే ఆ ప్రశ్న వచ్చింది. మూడు కొవ్వొత్తుల బొమ్మ గీసి మరీ రాసింది. రెండు మార్కులకి అర మార్కు వచ్చింది. పేపరు పట్టుకుని వెళ్లి టీచర్‌ని అడిగిందట. ఆవిడ కాసేపు ఆ బొమ్మనే చూసి, "సోమవారం కొవ్వొత్తులు తీసుకురా, క్లాసులో చేసి చూద్దాం" అన్నారట.

ఈ వీడియో అప్‌లోడ్ చేసేది ఆదివారం రాత్రి. రేపు ఏమవుతుందో నాకూ తెలియదు. గ్లాసు మాత్రం మా ఇంటి నుంచే వెళ్తోంది, పగలకుండా న్యూస్‌పేపర్‌లో చుట్టిచ్చాను. నా పాత వీడియో డిలీట్ చేయలేదు. పైన "ఇందులో జవాబు తప్పు, మీరే చేసి చూడండి" అని రాశాను. మీరు చేస్తే ఏం చూశారో కామెంట్‌లో చెప్పండి. నేను చెప్పింది కాదు, మీరు చూసింది. ఉంటా మరి, బై.