హార్స్‌లీ బంగళా, పుంగనూరు ప్యాలెస్

ఇంగ్లండులో ‘కంట్రీ హౌస్’ అంటే పల్లెపట్టున నిలిచిన పెద్ద భవంతి. చుట్టూ వేల ఎకరాలు, వాటి మీద కౌలు డబ్బు, తరతరాలుగా అదే కుటుంబం. అలాంటిది మన దగ్గర చూడాలంటే హార్స్‌లీ కొండకు పోవాలంటారు చాలామంది. నేను ఒప్పుకోను.

అది కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ 19వ శతాబ్దంలో కట్టించుకున్న వేసవి విడిది. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలోదే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన బిడ్డగా చెప్పుకునే మల్లమ్మ పేరు వెనకబడి, దొర పేరు బోర్డులకెక్కింది. ఆయనకు కావలసింది చల్లదనం. లెక్క సులువే: మదనపల్లె ఎత్తు సుమారు 700 మీటర్లు, కొండ 1,265. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల లెక్కన మూడున్నర డిగ్రీలు తగ్గుతుంది. లోపల ఫైర్‌ప్లేసు కూడా ఉంది. రాయలసీమలో చలిమంటకు గోడలో గూడు! అయినా ‘బంగళా’ అన్న మాటే బెంగాలు ఇంటి నుంచి వచ్చింది. పైగా అది ఆఫీసరు విడిది. బదిలీ అయితే ఇంకొకరు దిగుతారు. కౌలూ లేదు, వారసులూ లేరు. ఇప్పుడు అటవీ శాఖ అతిథిగృహం. మనుషులు దిగుతుంటారు కాబట్టి తలుపు ఊడితే ఎవరో ఒకరు బిగిస్తారు.

కంట్రీ హౌస్‌కు అసలు సాటి పుంగనూరు జమీందార్ల ప్యాలెస్. కుప్పం పక్కన కంగుంది జమీందారీదీ అదే తీరు. శిస్తు మీద నిలిచిన ఇళ్ళు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రైతుకు మేలే జరిగింది, గోడలకు సున్నం కొట్టే డబ్బు మాత్రం ఆగింది. ఇంగ్లండులోనూ యుద్ధాలు, వారసత్వపు పన్నుల దెబ్బకు వందల భవంతులు కూలగొట్టారు. కొన్నింటిని నేషనల్ ట్రస్ట్ తీసుకుని కాపాడింది.

పాత గోడలది గానుగ సున్నం. తేమను పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గోడ పొడిపొడిగా రాలుతుంది. నా ఉద్యోగంలో చూసినంతలో వానకంటే ఇలాంటి రిపేర్లే ఎక్కువ కట్టడాలను చెడగొట్టాయి.

మన బ్యాచ్‌లలో సివిల్ వాళ్ళం తక్కువేం కాదు. అనుమతి తీసుకుని, టేపులు పట్టుకుని రెండు ఆదివారాలు పుంగనూరులో, ఇంకో రెండు కుప్పం వైపు గడుపుదాం. కొలతలన్నీ డ్రాయింగుల్లోకి ఎక్కిస్తే ఒక సెట్టు మన స్కూలు లైబ్రరీలో పెట్టవచ్చు. రావాలనుకునేవాళ్ళు జూబిలీ రోజు భోజనాల దగ్గర నాకు పేరివ్వండి.