తాతల నాటి తుపాకీ, మన ఇంటి గడప: సోదాల చరిత్ర, మన హక్కులు



మన ఏజెన్సీ ఊళ్లలో భర్మారు తుపాకీ మాట ఎత్తితే చాలు, పెద్దోళ్లు గొంతు తగ్గిస్తారు. అడవి పందుల నుంచి జొన్న చేను కాపాడుకోడానికి తాత వాడిన తుపాకీ అయినా సరే, పోలీసోళ్లు వస్తారేమో, ఇల్లంతా తిరగేస్తారేమో అని భయం. ఆ భయం ఎక్కడ మొదలైంది, ఇంట్లో సోదాకి చట్టం పెట్టిన హద్దులేంటి అనేది ఈ రోజు చెప్పుకుందాం. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

1857 తిరుగుబాటుతో బ్రిటిషోళ్లకి గట్టి భయం పట్టుకుంది. జనం చేతుల్లోంచి ఆయుధాలు లాగేసే చట్టాలు వరసగా వచ్చాయి. వాటిలో పెద్దది వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే నేరం. యూరోపియన్లకి మాత్రం మినహాయింపులు ఇచ్చారు. ఎవరి ఇంట్లోనైనా ఆయుధం ఉండటం ప్రమాదమని మేజిస్ట్రేట్ నమ్మితే, కారణం రాసి, ఇల్లు సోదా చేయించే అధికారం ఆ చట్టంలోనే పెట్టారు.

మరుసటి ఏడాదే, 1879లో, రంప ఫితూరీ లేచింది. దానికి కారణం ఆయుధ చట్టం కాదు. కల్లు మీద వేసిన చిగురుపన్ను, మన్సబుదారు దోపిడీ మనోళ్లని లేపాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు తీసుకుపోయింది. గాం గంటన్నదొర, గాం మల్లుదొర లాంటి మన మన్యం మనుషులే ఆ దళానికి బలం. సర్కారు తుపాకులన్నీ స్టేషన్లలో ఉన్నాయి కాబట్టి స్టేషన్లకే వెళ్లారు. ఫితూరీ అణిచేశాక కొండ మనిషి చేతిలో తుపాకీ కనిపిస్తే సర్కారు కంటికి అది తిరుగుబాటులాగే కనిపించింది.

ఇదే దేశంలో ఇంకో కొండ ప్రాంతం సంగతి చూడండి. కర్ణాటకలోని కొడగులో కొడవలకి 1861లోనే బ్రిటిషోళ్లు ఆయుధ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. విధేయంగా ఉన్నారని ఇచ్చిన బహుమతి అది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ మినహాయింపు కొనసాగింది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. కైల్‌పోద్ పండగకి వాళ్లు ఇంట్లో తుపాకీకి పూజ చేస్తారు. వాళ్ల మీద మనకేం కోపం లేదు. కానీ ఎవరింట్లో తుపాకీ సంప్రదాయం, ఎవరింట్లో నేరం అనేది ఒకప్పటి పాలకుల ఇష్టాన్ని బట్టి తేలిందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉంది. 1948లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని అడిగితే ఒప్పుకోలేదు. కాబట్టి మన దేశంలో తుపాకీ అనుమతి మీద దొరికేదే. ఇప్పుడు నడుస్తున్నది 1959 ఆయుధ చట్టం. ఇంటి విషయంలో అది ఏం చెబుతుందో చూద్దాం.

22వ సెక్షన్ దాదాపు 1878 నాటిదే. చట్టవిరుద్ధమైన పనికి ఆయుధం దాచారనో, మీ దగ్గర ఉంటే శాంతిభద్రతలకి ప్రమాదమనో మేజిస్ట్రేట్ నమ్మాలి, ఆ కారణాలు రాయాలి, అప్పుడే సోదా. ఆ సోదా మేజిస్ట్రేటు గానీ కేంద్రం ప్రత్యేకంగా అధికారమిచ్చిన అధికారి గానీ చేయాలి, లేదా వాళ్ల ఎదుట జరగాలి. లైసెన్సు ఉన్నా ఈ సెక్షన్ కింద తుపాకీ తీసుకుపోవచ్చు.

కేసు దర్యాప్తులో అయితే స్టేషన్ అధికారి వారెంట్ లేకుండానే సోదా చేయొచ్చు. కానీ దానికీ రూల్స్ ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ముందే కారణం రాయాలి, ఆ కాగితాల నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకి పంపాలి. ఇద్దరు స్థానిక సాక్షులు ఉండాలి. ఇంటివాళ్లని దగ్గరుండి చూడనివ్వాలి. ఆడవాళ్లని ఆడవాళ్లే, మర్యాదగా సోదా చేయాలి. జప్తు చేసిన వస్తువుల జాబితా మీద సాక్షుల సంతకాలు పెట్టించి, ఇంటివాళ్లకి ఒక కాపీ ఇవ్వాలి. అంతా వీడియో తీయాలి.

ఇంకో రెండు సంగతులు మన ఊళ్లలో చాలామందికి తెలియవు. 13వ సెక్షన్ ప్రకారం నిజంగా పంట కాపలా కోసమే అయితే మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడగొచ్చు, సరైన కారణం లేకుండా కాదనకూడదు. రెండోది, లైసెన్సు లేదన్న కేసులో కోర్టుకి వెళ్లాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. అది 39వ సెక్షన్.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో పెట్టుకోమని మేం చెప్పడం లేదు. 2019 సవరణ తర్వాత దానికి కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. నాటు తుపాకీ తయారు చేస్తే ఇంకా పెద్ద శిక్ష. లైసెన్సు ఉన్నా వేటాడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. లైసెన్సు ఉన్నోళ్లకి తుపాకీ భద్రంగా దాచే బాధ్యత కూడా ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరింటికైనా సోదాకి వస్తే అడ్డుపడకండి, గొడవ పెట్టుకోకండి. కారణం రాశారా అని మర్యాదగా అడగండి. సాక్షులు ఎవరో చూడండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయనివ్వకండి, పెద్దోళ్లకి చదివి వినిపించండి. జాబితా కాపీ తీసుకోండి. రూల్ తప్పినంత మాత్రాన కేసు దానంతట అదే కొట్టేయరు, కానీ లాయరు చేతికి ఆ కాపీ చాలా ఉపయోగం. ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టమే ఇచ్చింది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి అడగాలి.

మన తాతలకి ఆ కాగితంలో ఏం రాశారో చదివి చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు ప్రతి గూడెంలో చదువుకున్నోళ్లం ఒకరిద్దరం ఉన్నాం. ఈ పోస్టు మీ ఊరి గ్రూపులో పెట్టండి, చదవలేని వాళ్లకి కూర్చోబెట్టి చెప్పండి.

జై ఆదివాసీ.