గడచిన కాలమును కొలుచుట

వేళ యెంతయైనదో చెప్పుట యొకటి. ఒక పనికి ఎంత కాలము పట్టినదో చెప్పుట వేరొకటి. పూర్వము మన యూళ్లలో ముహూర్తమునకై గడియకుడుకను నీటిపై విడిచెడివారు. అడుగున సన్నని రంధ్రముగల ఆ గిన్నె నిండి మునిగినచో ఒక గడియ, అనగా 24 నిమిషములు. అట్టి గడియలు దినమునకు 60.

తరువాత యంత్రపు గడియారములు వచ్చినవి. 1979లో వేరు జిల్లాకు కేంద్రమైన విజయనగరము ఆనాడు విశాఖపట్టణపు జిల్లాలోనిది. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంతముగా వేధశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను అచట పరిశీలించిరి. ఆ దాటుటకు పట్టు కాలము చోటునుబట్టి కొంచెము మారును. ఆ తేడానుండి సూర్యుని దూరమును గణింపవచ్చును. కనుక ఒక్కొక్క సెకనును విలువైనదే.

ఇట్టి కొలతలో ఒక సూక్ష్మము కలదు. గడియారము ఐదు నిమిషములు వెనుకబడి యున్నను, నడక సమముగా నున్నచో, తుది వేళనుండి మొదటి వేళను తీసివేయగా వచ్చు ఫలము చెడదు. నడుమ ఎవరైనను ముల్లును జరిపినచో అంతయు చెడును.

నేడు కంప్యూటరు ప్రోగ్రాము నడచుటకు పట్టు కాలమును కొలుచుటయు ఇట్టిదే. కంప్యూటరులోని వేళను బయటి వేళతో పోల్చి దిద్దుట కలదు. ఆ దిద్దుబాటు నడుమ జరిగినచో, పని మొదలిడకమునుపే ముగిసినదన్న వింత లెక్కయు రావచ్చును! అందువలననే ఎన్నడును వెనుకకు మరలని వేరొక లెక్కను అందు ఉంచిరి. గడియకుడుకయు అట్టిదే: దానంతట అది వేళను చెప్పదు, గడచినదానిని మాత్రమే కొలుచును.