కుటుంబం అంటే ఎవరు? కదిరి నుంచి కువైట్ దాకా

శరణార్థి అనగానే పడవలు, గుడారాలు గుర్తొస్తాయి. మా కదిరి ఎవరికీ గుర్తు రాదు. కానీ 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక, అక్కడ ఇంటిపనికి పోయిన మా సీమ ఆడవాళ్లూ ఆ గుంపులో కలిశారు. జోర్డాన్ దాకా ఎడారి దాటినవాళ్లని అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు. అలా వచ్చిన భారతీయులు 1,70,000కు పైమాటే.

నన్ను ఆపేది ఆ తర్వాతి లెక్క. 1991లో ఏర్పడ్డ ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్, అలా వదిలి రావాల్సి వచ్చినవాళ్లకు ఒక మొత్తం ఖాయం చేసింది: ఒక్క మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. న్యాయంగానే ఉంది కదా! అయితే ఇక్కడ కుటుంబం అంటే అక్కడినుంచి బయటపడ్డవాళ్లు. మొగుణ్ణీ పిల్లల్నీ కదిరిలో వదిలి, వాళ్ల కోసమే పోయిన మనిషి ఆ లెక్కలో ఒంటరిదే.

వెంట తీసుకుపోవడం ఆమె చేతుల్లో లేదు. కువైట్‌లో ఇంటిపని వీసా ఆర్టికల్ 20, కంపెనీ ఉద్యోగం 18, భార్యాపిల్లలది 22. తగిన జీతముంటే 18 వాళ్లు 22 అడగొచ్చు. 20 వాళ్లకు ఆ దారి లేదు. ఆలుమగలిద్దరూ పోయినా, ఆమె ఒక ఇంట్లో వంట, అతను ఇంకో ఇంట్లో డ్రైవరు. కఫీల్‌లు వేరు. సెలవిస్తే శుక్రవారం కలుస్తారు. చెప్పకుండా ఇల్లు దాటితే పారిపోయినట్టు కేసు, అకామా పోతుంది.

మన నిబంధన ఇంకో రకం. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదు. రక్షణ కోసమే పెట్టారు. కానీ మావైపు 30 అంటే ఇద్దరు పిల్లల తల్లి. అంటే ఆ నియమం ఏరి పంపేది తల్లుల్నే.

1951లో శరణార్థుల ఒప్పందం రాసిన సమావేశం, కుటుంబ ఐక్యత శరణార్థి హక్కు అని తీర్మానించింది. ఒప్పందం పాఠంలో మాత్రం పెట్టలేదు. అందుకే బ్రిటన్ లాంటి దేశాలు పెళ్లి పారిపోకముందు జరిగిందా, తర్వాతా అని తరచి అడిగాయి. ఇండియా, కువైట్, జోర్డాన్ ఆ ఒప్పందంలోనే లేవు.

అయినా శరణార్థి దంపతులకు కొన్ని దేశాల్లో వాదించుకోడానికి కోర్టన్నా ఉంది. వేరుశనగ ఎండిపోయి ఊరు వదిలిన మనిషికి ఆ పేరే లేదు, ఇంక ఎక్కడ అడుగుతుంది? గల్ఫ్ చరిత్ర రాసేటప్పుడు ఎందరు పోయారు, ఎంత పంపారు అని లెక్కేస్తాం. ఏ వీసా ఎవర్ని ఎవరినుంచి విడదీసిందో కూడా రాయాలి.