రేడియేటర్ ఉస్తాదుల తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. బీరంగూడలో ముంబై హైవే మీద పటాన్‌చెరు కార్ఖానాల లారీలు చూసినప్పుడల్లా నాకు మన ఉస్తాదుల తారీఖ్ యాదికొస్తుంది.

నిజాం జమానాలో, 1932లో, రైల్వే శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ కాలపు రేడియేటర్లు రాగి, ఇత్తడివి. మన దేగ్చీలకు కలాయి పూసే తగరమే, సీసంతో కలిసి, వాటి అతుకుల్లో ఉండేది. కారితే ఉస్తాద్ ట్యాంకు విప్పి, గొట్టాల్లో సలాక దూర్చి మడ్డి తీసి, మళ్లీ టంకం పెట్టేవాడు.

ఇప్పుడు చాలా వాటికి గొట్టాలు అల్యూమినియం, ట్యాంకులు ప్లాస్టిక్. పగిలితే కొత్తదే బిగిస్తారు. అయినా హునర్ అవసరం తీరలేదు. ఫ్లషింగ్ చేయకుంటే ఇంజన్‌లోని తుప్పు, సున్నం కొత్త గొట్టాల్లోనే ఇరుక్కుంటాయి. ఇంజన్ చల్లారాక పాత నీళ్లు వదలాలి. మంచినీళ్లు పోసి నడిపి, తేటగా వచ్చేదాకా కడగాలి. ఆఖరికి బోరునీళ్లు కాదు, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పోయాలి. పటాన్‌చెరు బోరునీళ్ల సంగతి మనకు తెలిసిందే కదా!

మరమ్మత్తు అనే మాట ఉర్దూ నుంచే తెలుగులోకొచ్చింది. ఆ పని మీద రోజీ నడిచిన ఖాందాన్‌లు మనలో ఎన్నో. మీ ఇంట్లో అలాంటి బుజుర్గ్‌లుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి అడిగించండి, రాయించండి. వాళ్లు ఉన్నప్పుడే.