లోహక్షయం – నివారణ చరిత్ర

తుప్పును పైపొరకు పట్టిన చెరుపుగా భావించినంత కాలం దానికి తెలిసిన మందు పైపూత ఒక్కటే. లోహక్షయం నిజానికి విద్యుత్ చర్య అని తేలాకే నివారణ శాస్త్రమైంది. 1761లో బ్రిటిష్ యుద్ధనౌక ‘అలార్మ్’ను చెక్క తొలిచే సముద్రజీవుల నుంచి కాపాడటానికి అడుగున రాగిరేకు తొడిగారు. రెండేళ్ల తర్వాత చూస్తే రాగిని తాకిన ఇనుప మేకులు తినేసినట్టు ఉన్నాయి. రేకుకు చుట్టి వచ్చిన కాగితం మధ్యలో మిగిలిపోయిన చోట మాత్రం మేకులు చెక్కుచెదరలేదు. ఓడ ఒకటే, సముద్రం ఒకటే. తేడా లోహాల స్పర్శలో ఉంది. ఉప్పునీటిలో తాకుతున్న రెండు లోహాలు బ్యాటరీలా పనిచేస్తాయి. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేది కరిగిపోతుంది, రెండోది నిలుస్తుంది.

రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లో ఈ నష్టాన్నే ఉపాయంగా మార్చాడు. రాగి కోసం ఇనుము బలవుతుంటే, రాగిని కాపాడాలన్నప్పుడు కావాలనే ఇనుమునో జింకునో బలిపెట్టవచ్చు కదా! అలా ఇనుప ముక్కలు బిగించిన ‘సమరాంగ్’ నౌక రాగి కరగలేదు, కానీ అడుగంతా నాచూ గుల్లజీవులూ పట్టేశాయి. వాటిని అంతవరకూ దూరంగా ఉంచింది కరిగే రాగిలోని విషమే. నౌకాదళం ఈ పద్ధతిని వదిలేసింది. దీన్ని డేవీ ఓటమిగా చెప్పడం సరికాదు. సూత్రం చెప్పినట్టే పనిచేసింది. తప్పింది దాన్ని వాడిన చోటు. అదే సూత్రం ఆధారంగా 1837లో ఫ్రెంచ్ ఇంజనీరు సొరెల్ ఇనుముకు కరిగిన జింకు పూతపై పేటెంటు పొందాడు. తగరం పూసిన డబ్బా గీసుకుపోతే అక్కడి ఇనుము మరింత త్వరగా తుప్పు పడుతుంది, జింకు పూసిన రేకు గీసుకుపోయినా జింకే ముందు కరుగుతుంది. పూత అడ్డుగోడ మాత్రమే అయితే ఈ తేడా ఉండకూడదు.

విద్యుత్ సంగతి తెలియకుండానే ఢిల్లీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లు నిలిచింది కదా అనవచ్చు. బలమైన ఆక్షేపణే. ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధన ప్రకారం, ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరం వల్ల ఉపరితలంపై పలుచని రక్షణపొర ఏర్పడింది. ఆ పొర అడ్డుకునేది కూడా ఇదే విద్యుత్ చర్యను. పైగా భాస్వరం ఎక్కువైతే ఇనుము పెళుసవుతుంది, కాబట్టి వంతెనలకు ఆ మార్గం పనికిరాదు. అదే స్తంభంలో భూమిలో పాతిన భాగానికి తుప్పు పట్టింది. తడి మట్టిలోని ఇనుముకు మరో రక్షణ కావాలి. 1928లో ఇంజనీరు రాబర్ట్ కూన్ న్యూ ఆర్లియన్స్‌లో గ్యాస్ పైపులైనుకు బయటి నుంచి ఏకముఖ విద్యుత్తు ఇచ్చి అది సాధించాడు. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో పోల్చి ఆయన సూచించిన మైనస్ 0.85 వోల్టుల ప్రమాణాన్నే భూగర్భ ఉక్కు పైపులకు నేటికీ పాటిస్తున్నారు.